మసిలో దొరికిన దీపం

కూకట్‌పల్లి రైతు బజారులో కొత్తిమీర కట్టను వాసన చూసి గానీ కొనను. వాసన తాజాదనాన్ని చెబుతుంది. పురుగుమందు మిగిలి ఉన్నదీ లేనిదీ చెప్పదు. 1999లో మొదలైన రైతు బజార్లు దళారిని తొలగించి, పండించేవాణ్ణీ కొనేవాణ్ణీ ఎదురెదురుగా నిలిపాయి. ఇద్దరి కంటికీ కానరానిది మాత్రం ఆకుమీదనే ఉండిపోయింది.

దాని చరిత్ర పాతది. 1936లో జర్మనీలో గెర్‌హార్డ్ ష్రాడర్ కీటకనాశినుల కోసం వెదకుతూ టాబున్ అనే నాడీవిషాన్ని కనుగొన్నాడు. మన పొలాల్లో చల్లే ఆర్గానోఫాస్ఫేట్లు ఆ కుటుంబానివే. నాడులకు అత్యవసరమైన ఎసిటైల్‌కొలినెస్టరేజ్ అనే ఎంజైమును అవి స్తంభింపజేస్తాయి, పురుగులోనైనా, మనిషిలోనైనా.

ఆ విషం జాడను పట్టే సాధనమొకటి అనుకోకుండా దొరికింది. 2004లో అమెరికాలోని దక్షిణ కెరొలైనాలో, మసినుండి కర్బన నాళికలను శుద్ధి చేస్తుండగా, వెలుగునిచ్చే కర్బన రేణువులు బయటపడ్డాయి. 2007లో కొవ్వొత్తి మసినుండి, 2015లో రూర్కీ ఐఐటీలో కొత్తిమీర ఆకులనుండి కూడా అటువంటివి తయారుచేశారు! ఈ రేణువులను ఆ ఎంజైముతో జతచేసే పరీక్షలున్నాయి. మందు ఎంజైమును ఎంతగా అడ్డుకుంటే, రేణువుల వెలుగులో అంత తేడా కనిపిస్తుంది. ఆ తేడాయే అవశేషానికి కొలత. తుది నిర్ధారణ మాత్రం నేటికీ క్రొమటోగ్రఫీ యంత్రాలదే.

ఈ దీపం నా సంచిలోని ఆకును పరీక్షిస్తుంది. ఆ మందును నాకంటే ముందు పీల్చినవాడు, కట్ట కట్టి నా చేతికిస్తున్న రైతు. అతని నరాల్లోనూ ఉన్నది అదే ఎంజైము... పరీక్ష బజారులో కాక పొలంగట్టునే మొదలుకావాలని నా మనవి.