అడవి, సంత, గ్రామసభ: విశాఖ మన్యం బతుకుతెరువు చరిత్ర

ప్రతి ఏటా ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం జరుపుకుంటాం. థింసా ఆడతాం, పెద్దలను తలచుకుంటాం. మన ఆటపాటల గురించి, పండుగల గురించి ఇలాంటి సంచికల్లో తరచూ చదువుతూనే ఉంటాం. ఈసారి మన పొట్టకూటి చరిత్రను కూడా ఒకసారి తిరగేసుకుందాం. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో నూట యాభై ఏళ్లుగా మన బతుకు మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతోంది. భూమి ఎవరిది? అడవిలో కాసింది ఎవరిది? దానికి ధర కట్టేది ఎవరు?

పెద్దల నాటి కట్టుబాటు

మన పెద్దలకు పట్టా అన్న మాట తెలియదు. కానీ ఏ గెడ్డ దాకా ఏ ఊరిదో, ఏ వాలు మీద ఏ కుటుంబం పోడు కొట్టుకుంటుందో ఊరందరికీ తెలుసు. కొండవాలు మీద సామలు, చోళ్లు, కొర్రలు, కందులు, వలిసెలు పండేవి. నాలుగు పంటలు తీశాక ఆ నేలను అడవికి వదిలేసి మరో చోటుకు వెళ్లేవారు. పల్లంలో వరి వేసేవారు. ఇంట్లో గింజలు అడుగంటిన వానాకాలంలో అడవి దుంపలు, మామిడి టెంక అంబలి ప్రాణం నిలిపేవి. చింతపండు, అడ్డాకులు, కరక్కాయలు, కుంకుడుకాయలు, తేనె, కొండచీపుర్లు సంతకు వెళ్లేవి.

ఈ సంపద మీద కాపలా పెట్టింది పండుగలే. ఊరంతా కలిసి కొత్తల పండుగ చేసుకోనిదే కొత్త పంటను నోట పెట్టకూడదు. మామిడికి, చిక్కుడుకు, సామకు ఈ కట్టుబాటు ఉంది. చూడటానికి ఇది పూజే, ఆచరణలో మాత్రం ఒక చట్టం. పక్వానికి రాకముందే ఎవరూ కోయకూడదు, ఒకరు ముందుగా దోచుకుపోకూడదు, వచ్చే ఏటికి విత్తనం మిగలాలి అన్నది అందులోని నీతి. ఇటుకల పండుగలో మనం విత్తనాలకు పూజ చేసి ఆ తర్వాతే దుక్కికి దిగడం కూడా ఇలాంటిదే.

పన్ను, రిజర్వు, రోడ్డు

ఈ కట్టుబాటు మీద బయటి అధికారం వచ్చి కూర్చుంది. ముఠాదార్లు శిస్తు వసూలు చేసి పైవారికి కట్టేవారు. రంపలో మన్సబుదారు కల్లు చెట్ల మీద చిగురుపన్ను బిగించాడు. ఆపైన ఆబ్కారీ నిబంధనలు వచ్చాయి. జీలుగు కల్లు మనకు ఎండాకాలపు ఆహారం. ఇంటి చెట్టు కల్లుకు కూడా పన్ను కట్టమనేసరికి 1879లో రంప తిరుగుబాటు రగిలింది. అది గూడెం ప్రాంతానికీ పాకింది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. సర్కారు గీసిన గీతల లోపలి అడవి రిజర్వు అయింది. పోడు కొట్టినా, కట్టె తెచ్చినా, పశువును మేపినా అది నేరం కిందికి వచ్చింది. నిన్నటి దాకా ఊరిదైన అడవిలో మనవాళ్లు ఒక్క రోజులో దొంగలయ్యారు. మామూలు ఇవ్వనిదే గార్డు కదలని కాలం మొదలైంది. 1920ల నాటికి గూడెంలో ఘాట్ రోడ్ల పనికి అరకొర కూలితో జనాన్ని బలవంతంగా తోలారు. గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర లాంటివారు అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణా మీద దాడితో మొదలైన ఆ పోరు 1924 దాకా సాగింది. దాన్ని వీరగాథగా చెప్పుకోవడం మనకు అలవాటు. అడవి హక్కు కోసం, కూలి కోసం జరిగిన పోరు అన్న సంగతి కూడా మన పిల్లలకు చెప్పాలి.

సంతలో సావుకారు

ఉప్పు, బట్ట, కిరసనాయిలు కొండ మీద దొరకవు. వాటి కోసం సంతకు దిగిన మనకు సావుకారు ఎదురయ్యాడు. చింత కాపుకు రాకముందే అప్పు ఇచ్చేవాడు, కాయ పండాక తాను చెప్పిన ధరకే పండు తీసుకునేవాడు. మనం కుంచంతో కొలిచి ఇచ్చేవాళ్లం, అతను తూకం వేసి అమ్ముకునేవాడు. కొలతకూ తూకానికీ మధ్య ఉన్న తేడా అతని మేడ అయింది. అప్పు తీరకపోతే భూమి పోయేది, భూమి కూడా లేనివాడు గొత్తిగా వెట్టికి కుదిరేవాడు.

ఇది ఎంత ముదిరిందో సర్కారుకూ తెలుసు. అందుకే 1917లో ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చింది. అది వడ్డీకి హద్దు పెట్టింది. అనుమతి లేకుండా గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకూడదన్నది. 1940లో అప్పు కింద వెట్టిని రద్దు చేస్తూ మరో నిబంధన వచ్చింది. కాగితం వచ్చినా కొండ మీదికి రావడానికి దానికి చాలా ఏళ్లు పట్టింది.

సొసైటీ, పట్టా, కాఫీ

స్వాతంత్ర్యం తర్వాత సావుకారుకు పోటీగా 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. మన సరుకు కొనడం, డిపోల ద్వారా నిత్యావసరాలు అమ్మడం దాని పని. 1979 నిబంధనతో షెడ్యూల్డు ప్రాంతంలో అటవీ ఉత్పత్తులు కొనే హక్కు ఆ సంస్థకే దక్కింది. సంతలో తక్కెడతో నిలబడ్డ కొనుగోలుదారు ఉంటే సావుకారు కూడా ధర పెంచక తప్పదు. అయితే కొనేవాడు ఎప్పుడూ ఒక్కడే అయితే ధర అతని నోటిమాటే అవుతుంది. ఈ రెండు సంగతులూ మనం గుర్తుపెట్టుకోవాలి.

1969లో ముఠాదారీ రద్దయింది. 1970 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన 1/70 చట్టం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పేరిట మారకుండా అడ్డుకట్ట వేసింది. ఇవాళ మన కొండల మీద భూమి ఇంకా మన చేతిలో ఉందంటే దానికి ముఖ్య కారణం ఇదే.

కాఫీ కథ కూడా భూమి కథే. మొదట అటవీ శాఖ తోటలుగా వచ్చిన కాఫీ, ఐటీడీఏ, కాఫీ బోర్డుల చేయూతతో గిరిజన రైతుల సొంత తోట అయింది. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. రేపు ఈ నేల నాదో కాదో తెలియనివాడు అంత ఓపిక పట్టలేడు. భరోసా కలిగాకే నీడ చెట్ల కింద కాఫీ, ఆ చెట్లకు మిరియం తీగ పాకాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది.

సమత తీర్పు, 2006 చట్టం

నేల పైనున్న సంపద సంగతి ఇలా ఉంటే, నేల కింద ఖనిజాలు ఉన్నాయి. అనంతగిరి మండలంలో ప్రైవేటు గనుల లీజుల మీద సాగిన కేసులో 1997 జులైలో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు గనులు లీజుకు ఇవ్వకూడదన్నది దాని సారం. ప్రభుత్వ సంస్థో, గిరిజన సహకార సంఘమో తవ్వాలి. నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత బాగుకు ఖర్చు పెట్టాలి. 2015లో జెర్రెల బాక్సైటు కోసం జీవో 97 వెలువడినప్పుడు మన్యం ఎదురు తిరిగింది. 2019లో అది రద్దయింది.

2006 అటవీ హక్కుల చట్టం 1882 నాటి అన్యాయాన్ని సరిదిద్దడానికి వచ్చింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికి నాలుగు హెక్టార్ల వరకు వ్యక్తిగత హక్కు ఇస్తుంది. మన చర్చ చాలావరకు ఈ పట్టా దగ్గరే ఆగిపోతోంది. అదే చట్టం ఊరంతటికీ కలిపి అడవి మీద సామూహిక హక్కు కూడా ఇస్తుంది. వెదురు, తేనె, అడ్డాకు సేకరించి అమ్ముకోవడం, ఊరి అడవిని కాపాడి నడుపుకోవడం ఆ హక్కులోనివే. పోడు పట్టా ఒక కుటుంబాన్ని నిలబెడుతుంది, సామూహిక పత్రం ఊరి బేరాన్ని నిలబెడుతుంది. నలభై ఇళ్ల చింతపండు ఒక్క లెక్కలో, ఒక్క తూకంలో సంతకు దిగితే ధర అడిగేది మనమే.

ఆ హక్కు కోసం గ్రామసభ తీర్మానం కావాలి, ఆధారాలు కావాలి. మన చరిత్ర అక్కడ అక్కరకు వస్తుంది. నిబంధనల ప్రకారం ఊరి పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం ఆధారమే. శ్మశానం, పాత బావి, దేవుడి గుడి ఉన్న వనం కూడా ఆధారాలే. మన ముసలివాళ్ల జ్ఞాపకం కూడా ఒక సాక్ష్యమే. వారితో పాటే అది వెళ్లిపోతే మళ్లీ రాదు.

కాబట్టి చదువుకున్న మన యువతను మనం కోరేది ఒక్కటే. పండుగకు ఊరికి వెళ్లినప్పుడు తాతను, అవ్వను కూర్చోబెట్టి అడగండి. మన ఊరి హద్దు గెడ్డ ఏది, పాత పోడు మెట్టలు ఎక్కడ, ఏ చెట్టు కింద మొదటి కొత్త పెట్టేవారు, ఏ ఊటనీరు ఎండాకాలంలో ఆరదు అని అడిగి, పేర్లతో సహా రాసి, గ్రామసభ పుస్తకంలో ఎక్కించండి.