రెండవ ప్రపంచయుద్ధ విమానాల అంతర్భాగ వర్ణాలు: నమూనా నిర్మాణంలో ఆధారాల పరిశీలన

వ్యాససంగ్రహం:
రెండవ ప్రపంచయుద్ధ విమానాల సూక్ష్మ నమూనాలను నిర్మించేవారికి వెలుపలి రంగుల విషయంలో ఆధారాలు విరివిగా లభిస్తాయి. కాక్‌పిట్, చక్రాల అర, బాంబుల అర వంటి అంతర్భాగాల విషయంలో ఆధారాలు తక్కువ, అపోహలు ఎక్కువ. అమెరికా, బ్రిటన్, జర్మనీ, జపాన్ దేశాల విమానాల లోపలి రంగులను, వాటి వెనుక ఉన్న కారణాలను, వాటిని నిర్ధారించే ఆధారాల బలాబలాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విమానాలు, నమూనాలు, జింక్ క్రోమేట్, అంతర్భాగ వర్ణాలు, రెండవ ప్రపంచయుద్ధం.

1. ఉపోద్ఘాతం:
ప్లాస్టిక్ నమూనా విమానాల చరిత్ర 1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ సంస్థ ‘పెంగ్విన్’ పేరుతో విడుదల చేసిన 1:72 కొలత నమూనాలతో మొదలైంది. 1942లో అమెరికా నౌకాదళం శత్రు, మిత్ర విమానాలను గుర్తుపట్టే శిక్షణ కోసం 5 లక్షల నమూనాలను తయారుచేయమని పాఠశాల విద్యార్థులను కోరింది. అవి కొయ్యతో చెక్కి నల్లరంగు పూసినవి. ఆకారాన్ని గుర్తించడమే వాటి ప్రయోజనం కనుక లోపలి భాగాల ప్రసక్తే లేదు. తరువాతి దశాబ్దాలలో 1:48, 1:32 వంటి పెద్ద కొలతలు, పారదర్శకమైన కాక్‌పిట్ కప్పులు వచ్చాక లోపలి భాగం కంటికి కనబడసాగింది. అప్పుడే దాని రంగు ఏమిటన్న ప్రశ్న పుట్టింది.

2. అంతర్భాగ వర్ణాల ప్రయోజనం:
వెలుపలి రంగు శత్రువు కంటి నుండి విమానాన్ని దాచడానికి ఉద్దేశించినది. లోపలి రంగు ప్రధానంగా లోహాన్ని కాపాడటానికి ఉద్దేశించినది. రాగి కలిసిన అల్యూమినియం మిశ్రలోహాలు తేమకు, ఉప్పుగాలికి త్వరగా క్షయిస్తాయి. దానిని అరికట్టే జింక్ క్రోమేట్ అడుగుపూత సహజంగా ఆకుపచ్చ ఛాయ గల పసుపు. కాక్‌పిట్‌లో ఆ పసుపు వెలుగును ప్రతిఫలించి పైలట్ కంటికి ఇబ్బంది కలిగించేది. అందువల్ల దానిలో నల్లరంగు కలిపి ఆకుపచ్చగా మార్చారు. పాళ్లు మారితే ఛాయ మారుతుంది. ఒకే దేశపు విమానాలలో అనేక ఆకుపచ్చలు కనిపించడానికి మూలకారణం ఇదే.

3. దేశాలవారీ పరిశీలన:

3.1. అమెరికా: సైన్యం, నౌకాదళం కలిసి 1943లో రూపొందించిన వర్ణపట్టికలో ‘ఇంటీరియర్ గ్రీన్’కు 611 సంఖ్య లభించింది. అంతకుముందు తయారైన విమానాలలో కర్మాగారాన్ని బట్టి భేదాలు ఎక్కువ. బి-17, పి-47 విమానాల కాక్‌పిట్లలో ముదురు కంచు ఆకుపచ్చ కూడా కనిపిస్తుంది. పి-51 మస్టాంగ్ చక్రాల అర మొత్తం ఆకుపచ్చ అని చాలాకాలం నమ్మారు. కర్మాగార ఛాయాచిత్రాలను పరిశీలించగా, వెనుకనున్న ప్రధాన దూలానికి మాత్రమే పసుపు క్రోమేట్ పూసి, తక్కిన భాగాన్ని చాలావరకు లోహపు మెరుపుతోనే వదిలినట్లు తేలింది.

3.2. బ్రిటన్: స్పిట్‌ఫైర్ కాక్‌పిట్‌కు బూడిద కలిసిన ఆకుపచ్చ వాడారు. పైలట్ వెనుకనున్న దేహభాగం లోపల అల్యూమినియం రంగు కనిపిస్తుంది. నమూనా లోపలి భాగమంతటికీ ఒకే రంగు వేయడం ఇక్కడ పొరపాటు అవుతుంది.

3.3. జర్మనీ: విమానయాన మంత్రిత్వశాఖ రంగులకు సంఖ్యలు కేటాయించింది. యుద్ధారంభంలో కాక్‌పిట్లకు 02 సంఖ్య గల ఆకుపచ్చ బూడిద వాడేవారు. 1941 నుండి 66 సంఖ్య గల నలుపు బూడిద ప్రమాణమైంది. చక్రాల అరలలో 02 వాడకం కొనసాగింది. కనుక నమూనా ఏ సంవత్సరపు విమానానిదో తెలియనిదే రంగు నిర్ణయించలేము.

3.4. జపాన్: లోహంపై పారదర్శకంగా మెరిసే నీలి ఆకుపచ్చ పూతను ‘అవోతకె’ అంటారు. పచ్చి వెదురు అని దాని అర్థం. జీరో విమానం కాక్‌పిట్‌కూ ఇదే వాడారన్న అభిప్రాయం నమూనాకారులలో బలంగా ఉండేది. లభించిన శకలాలు పైలట్ కూర్చునే చోట పారదర్శకం కాని ఆకుపచ్చను చూపుతున్నాయి. మిత్సుబిషి, నకజిమా కర్మాగారాల ఆకుపచ్చలు కూడా ఒకటి కావు.

4. ఆధారాల బలాబలాలు:
నలుపు తెలుపు ఛాయాచిత్రం వర్ణాన్ని చెప్పదు, వెలుగునీడల తారతమ్యాన్ని మాత్రమే చెబుతుంది. అది కూడా నమ్మదగినది కాదు. ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముపై పసుపు నల్లగా, నీలం తెల్లగా పడుతుంది. వర్ణచిత్రాలు కొంత మేలు. 1942 అక్టోబరులో ఆల్ఫ్రెడ్ పామర్ లాంగ్‌బీచ్‌లోని డగ్లస్ కర్మాగారంలో తీసిన చిత్రాలు అమెరికన్ కాంగ్రెస్ గ్రంథాలయంలో ఉన్నాయి. బి-17 దేహభాగాలలో పనిచేస్తున్న స్త్రీల చుట్టూ ఉన్న లోహపు లోపలి తలాలను అవి చూపుతాయి. అయితే దీపకాంతి, ఫిల్ము స్వభావం వాటిలోని వర్ణాన్ని కొంత మార్చుతాయి.

ప్రదర్శనశాలలోని విమానం తిరుగులేని సాక్ష్యమని భావించడం సహజం. కాని సేవాకాలంలోనూ, పునరుద్ధరణలోనూ విమానాలకు మళ్లీ మళ్లీ రంగులు వేశారు. పరికరాల పలకల వెనుక, వెలుగు సోకని మూలల్లో మిగిలిన మొదటి పూతే అసలైన సాక్ష్యం. పునరుద్ధరణలో దానిని నమోదు చేయకుండా గీకివేస్తే ఆ సాక్ష్యం శాశ్వతంగా నశిస్తుంది. క్రోమేట్ పూతలోని షట్‌సంయోజక క్రోమియం క్యాన్సర్ కారకం కనుక ఆ పొరలను తొలగించడం తప్పనిసరి కావచ్చు. తొలగించే ముందే రంగును కొలిచి భద్రపరచడం అందుకే అత్యవసరం.

రంగుల సీసాలపై కనిపించే అమెరికన్ ఫెడరల్ ప్రమాణ సంఖ్యలనూ జాగ్రత్తగా చూడాలి. ఆ ప్రమాణం 1956 నాటిది. ఇంటీరియర్ గ్రీన్‌కు సాధారణంగా చూపే 34151లో మొదటి అంకె 3 మెరుపులేనితనాన్ని, రెండవ అంకె 4 ఆకుపచ్చ వర్గాన్ని సూచిస్తాయి. యుద్ధకాలపు రంగుకు అది సమీప రూపమే కాని సరిగ్గా అదే రంగు కాదు.

5. కొలత, వెలుగు:
1:72 నమూనాను 30 సెంటీమీటర్ల దూరం నుండి చూడటం అసలు విమానాన్ని సుమారు 22 మీటర్ల నుండి చూడటంతో సమానం. దూరం పెరిగేకొద్దీ గాలిపొర వల్ల రంగు పాలిపోతుంది కనుక కొందరు నమూనాకారులు రంగులో తెలుపు కలుపుతారు. కాక్‌పిట్ వంటి ఇరుకైన చోట వెలుగు కూడా తక్కువగా పడుతుంది. అసలు రంగునే అక్కడ పూస్తే ముదురుగా కనబడి, వివరాలు మరుగునపడతాయి. ఇది కంటికి సంబంధించిన సవరణ. మొదట సరైన రంగును నిర్ధారించిన తరువాతే చేయదగినది.

6. ముగింపు:
• అంతర్భాగ వర్ణాన్ని నిర్ణయించడానికి దేశం పేరు చాలదు. కర్మాగారం, తయారైన సంవత్సరం, విమానంలోని భాగం తెలియాలి.
• ముట్టని మొదటి పూతకు, కర్మాగార పత్రాలకు మొదటి స్థానం, వర్ణచిత్రాలకు తరువాతి స్థానం, తిరిగి రంగు వేసిన విమానాలకు చివరి స్థానం ఇవ్వడం సముచితం.
• అరచేతిలో ఇమిడే నమూనా కోసం చేసే ఈ అన్వేషణ, కర్మాగారాల పనితీరును నమోదు చేసే చరిత్రరచనకు కూడా ఉపకరిస్తుంది.