కాశీ ప్రయాణం, పింఛను, తీరిక

ఉద్యోగం నుంచి దిగిపోయినవాళ్లు పొద్దున్నే పార్కులో నాలుగు చుట్లు తిరగడం, మనవలతో కాలక్షేపం చేయడం, ఏడాదికోసారి కాశీకో బదరీకో వెళ్లిరావడం మనకిప్పుడు ఎంత మామూలైపోయిందంటే, అది నెరిసిన జుట్టుతో పాటు దానంతటదే వచ్చే దశ అనుకుంటున్నాం. కొందరు దీన్ని వానప్రస్థానికి ఈనాటి రూపమంటారు. ఇంకొందరు దొరలను చూసి నేర్చిన విలాసమంటారు. తెలుగువాళ్ల ప్రయాణాల చరిత్ర ముందు పెట్టుకుంటే ఈ రెండు మాటలూ నిలవవు. అయినవాళ్లతో కలిసి దూరదేశాలు చూసి రావాలన్న కోరిక మనకు పాతదే. అది తీరే వీలు మాత్రం గడచిన నూట యాభై ఏళ్లలో రైలు, పింఛను, ఊరి మధ్య కాపాడుకున్న ఖాళీ జాగా వల్ల వచ్చింది. ఏర్పాట్ల వల్ల వచ్చింది కాబట్టి, వాటిని పట్టించుకోకపోతే పోతుంది కూడా.

కోరిక పాతదనడానికి ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర కన్నా మంచి సాక్ష్యం లేదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. తల్లి, భార్య, పరివారం, బోయీలు కలిపి వెంట దాదాపు వందమంది. కడప, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగల మీదుగా కాశీకి వెళ్లి, గయ, కలకత్తా చూసుకుని, పూరీ నుంచి కోస్తా దారిన దిగివచ్చాడు. మజిలీ చేరిన ప్రతిచోటా ఆయన కన్ను ముందు వసతి మీదే పడేది: దిగడానికి చోటుందా, నీళ్లు ఎలాంటివి, అంగళ్లలో ఏమేం దొరుకుతాయి, ముందున్న దారి ఇసుకా, రాయా, అడవా. ఇవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసి పంపితే, వీరాస్వామయ్య 1836లో పోయాక, 1838లో పిళ్ల వాటిని అచ్చువేయించాడు. ఇప్పటివాళ్లది వట్టి విహారం, పూర్వులది శుద్ధమైన భక్తి అని చెప్పేవాళ్లు ఈ పుస్తకం ఒకసారి తిరగేయాలి. దేవుడి దర్శనం, సంతల వర్ణన, దొరతనం తీరు, మనుషుల నడవడి అన్నీ ఒకే కలం నుంచి పక్కపక్కనే వచ్చాయి. లోకం చూడాలన్న కుతూహలం తీర్థయాత్రలో మొదటినుంచీ ఉంది.

ఇదే పుస్తకం రెండో సంగతి కూడా చెబుతుంది. వీరాస్వామయ్య అప్పటికి ఉద్యోగం మానలేదు. జడ్జీల దగ్గర సెలవు పుచ్చుకుని వెళ్లాడు. పల్లకీలు, డేరాలు, వందమందికి తిండి పెట్టగల సంపద, దారిలో అధికారుల దగ్గర చెల్లే పలుకుబడి ఆయనకున్నాయి. అవి లేనివాళ్ల సంగతి మన సామెతే చెబుతుంది: కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే. కలరా, దొంగలు, పొంగే నదులు దాటి తిరిగొచ్చినవాడికి ఊరు ఎదురేగేది. ఇంట్లో గంగపూజ చేసి, కాశీసమారాధన పేరుతో పదిమందికి భోజనాలు పెట్టేవాళ్లు. మనిషి తిరిగొచ్చాడన్న సంబరం కూడా ఆ పండగలో ఉండేది. నడిచిపోయే బీదవాడికి దారిలో ఉన్న దిక్కల్లా సత్రాలు, దాతలు. కోనసీమలో లంకలగన్నవరం డొక్కా సీతమ్మ వేళకాని వేళలో వచ్చిన బాటసారికీ అన్నం పెట్టి పేరు పొందిందంటే, ఆ దారుల్లో ఆకలి ఎంతటిదో ఊహించుకోవచ్చు. వానప్రస్థం శాస్త్రంలో అందరికీ తెలిసిన ఆశ్రమమే. కాని ముసలితనంలో రోజంతా తనదిగా గడిపే వీలు, దూరం వెళ్లి క్షేమంగా రాగల భరోసా శాస్త్రం ఇవ్వలేదు. కలవారికే అవి అరుదు.

ఆ దూరాన్ని రైలు కుదించింది. దక్షిణాదిలో తొలి రైలు 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది. కాశీ దగ్గర గంగ మీద వంతెన 1887లో వచ్చింది. రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన 1900లో తెరిచాక చెన్నపట్నం, కలకత్తాల నడుమ కోస్తా రైలుకు ఆ పెద్ద అడ్డు తొలగింది. నెలల ప్రయాణం రోజుల్లోకి వచ్చింది. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలన్న నియమం తెలుగు యాత్రికులు ఇప్పటికీ పాటిస్తారు. ఆంధ్రాశ్రమంలో, కరివెన సత్రంలో గదుల కోసం ముందే రాసుకుంటారు. రైలుంటే చాలదా, పింఛను ఎందుకు అని అడగవచ్చు. చాలదు. టిక్కెట్టు డబ్బులతో పాటు, తొమ్మిది రోజులు పని మానినా ఇల్లు గడుస్తుందన్న ధైర్యం కావాలి. రైతుకూ కూలికీ అది ఏ వయసులోనూ లేదు. 1950 ప్రాంతంలో ఈ దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దరిదాపుల్లో ఉండేది. శిశుమరణాలు ఎక్కువ కావడం వల్ల ఆ అంకె అంత తక్కువన్నది నిజమే. అయినా బతికి ముసలితనం చూసినవాళ్లలో చాలామంది చేతనైనన్నాళ్లు పనిచేసినవాళ్లే.

పింఛను సర్కారు కొలువుతో వచ్చింది. 1871 పింఛన్ల చట్టం నాటికే అది స్థిరపడ్డ పద్ధతి. దాన్ని చాలాకాలం దొరల దయగానే చూశారు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను యజమాని ఇష్టం మీద ఆధారపడే దానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తేల్చింది. అందుకే ఆ తేదీన పింఛనుదారులు తమ దినం జరుపుకుంటారు. తీరిక ఎప్పుడు మొదలవ్వాలో కూడా సర్కారే నిర్ణయిస్తుందనడానికి మన రాష్ట్రమే ఉదాహరణ. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం విరమణ వయసును 58 నుంచి 55కు దించింది. వేలమంది ముందస్తుగా ఇంటిదారి పట్టారు. తర్వాత మళ్లీ 58 అయింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61. ఆ వయసు ప్రకృతి పెట్టిన గడువే అయితే ఒక్క సంతకంతో ఇన్నిసార్లు మారేది కాదు.

నడక సంగతీ అంతే. మన పెద్దలు రచ్చబండ మీద కూర్చునేవాళ్లు, చేలగట్ల వెంట తిరిగేవాళ్లు, ఆరోగ్యం కోసం నడక మనది కాదు అంటారు కొందరు. గట్టు, రచ్చబండ ఉన్నచోట వేరే నడక అక్కర్లేకపోయింది. నగరంలో అవి పోయాయి కనుక వాటి బదులు మరొకటి కావలసి వచ్చింది. హైదరాబాదులో నిజాముల నాటి బాగే ఆమ్, 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, విశాఖలో తెల్లవారుజామున వాహనాలు ఆపేసే బీచి రోడ్డు ఆ లోటు తీరుస్తున్నాయి. ఆ జాగాలు అమ్ముడుపోకుండా మిగిలాయి కాబట్టే అక్కడ నడిచేవాళ్లున్నారు.

అసలు సుఖం ఉమ్మడి కుటుంబంలోనే ఉండేది, ఈ పార్కులూ పింఛన్లూ దానికి సాటిరావు అన్న వాదన బలమైనది. మనవల మధ్య గడపడంలోని ఆనందాన్ని ఎవరూ కాదనరు. కాని ఆ ఇంటి అరుగు మీద తీరిగ్గా కూర్చున్నది ఎక్కువగా తాతయ్యలే. అమ్మమ్మ, నాయనమ్మ వంటింటి నుంచి ఏనాడూ విరమణ పొందలేదు. నేడు అమెరికాలో కూతురి పురుడికో కోడలి పురుడికో వెళ్లే తెలుగు తల్లికి ఆ ఆరు నెలలు ప్రయాణమూ, చాకిరీ రెండూ. కుటుంబం విశ్రాంతి ఇవ్వాలంటే పని పంచుకోవాలి. దానికి చరిత్రలో వెతికినా తేలికదారి కనబడదు.

ఇక వర్తమానం. 60 దాటిన పురుషులకు 40 శాతం, 58 దాటిన స్త్రీలకు 50 శాతం ఉండే రైలు రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. 2004 తర్వాత సర్కారు కొలువులో చేరినవారిలో చాలామందికి పాత పింఛను భరోసా లేదు. ఉద్యోగుల పింఛను పథకంలో కనీస మొత్తాన్ని 2014లో నెలకు 1000 రూపాయలుగా నిర్ణయించారు. సొంతంగా దాచుకోవచ్చు కదా అంటే, దాచుకునేంత జీతం ఉన్నవాళ్ల మాట అది. తాపీమేస్త్రీ, చేనేత కార్మికుడు లాంటివాళ్లు ఈ కొలువు పింఛన్ల కిందకు సరిగా రారు. ముసలితనంలో తీరిక ఒకప్పుడు కలవారిది, తర్వాత కొలువున్నవారిది అయింది. కొలువు లేనివారికీ అది దక్కాలంటే ముందు రైలు రాయితీ తిరిగి ఇవ్వాలి, కనీస పింఛనును బతకగలిగే మొత్తానికి పెంచాలి, వార్డుకొక నడకదారి మిగల్చాలి. ఓటు అడగడానికి వచ్చినవారిని ఈ మూడింటి గురించీ నిలదీయండి.