వీఆర్ గేమింగ్: పెట్టుకుంటే వేరే లోకమే.. మరి ఇంటింటికీ ఎందుకు చేరట్లేదు?

హెడ్‌సెట్ తలకు తగిలిస్తే చాలు.. హాల్ మాయమై యుద్ధభూమి కళ్ల ముందుకొస్తుంది. తొలిసారి ఆడినవాళ్లు ‘వావ్’ అనాల్సిందే. కానీ కొన్నాళ్లకే అదే హెడ్‌సెట్ అల్మారాలోకి చేరడం మామూలైపోయింది. వర్చువల్ రియాలిటీ గేమింగ్‌కు అసలు చిక్కు ఇక్కడే ఉంది.

30 ఏళ్ల కల
1995లో నింటెండో ‘వర్చువల్ బాయ్’ తెచ్చింది. ఎరుపు, నలుపు బొమ్మలు తప్ప ఏమీ కనిపించని ఆ మెషీన్‌ను ఏడాది తిరక్కుండానే ఆపేసింది. 2012లో పామర్ లక్కీ ‘ఓక్యులస్ రిఫ్ట్’ కోసం కిక్‌స్టార్టర్‌లో దాదాపు 24 లక్షల డాలర్లు సేకరించారు. రెండేళ్లకే ఆ కంపెనీని ఫేస్‌బుక్ సుమారు 200 కోట్ల డాలర్లకు కొనేసింది.

ధర తగ్గింది.. అయినా!
2016లో రిఫ్ట్ ధర 599 డాలర్లు. దానికి తోడు పవర్‌ఫుల్ పీసీ కూడా ఉండాలి. 2020లో వచ్చిన క్వెస్ట్ 2 మాత్రం పీసీ అక్కర్లేకుండానే 299 డాలర్లకు దొరికింది. అంటే దాదాపు సగం ధర! అయినా స్టీమ్ సర్వేల్లో వీఆర్ హెడ్‌సెట్ ఉన్న గేమర్లు 2 శాతం అటూ ఇటూగానే కనిపిస్తున్నారు. మెటాలో ఈ వ్యాపారం చూసే రియాలిటీ ల్యాబ్స్ విభాగానికి 2024 ఒక్క ఏడాదిలోనే వచ్చిన నిర్వహణ నష్టం సుమారు 1,770 కోట్ల డాలర్లు.

ఒళ్లు ఒప్పుకోవట్లేదు
ఘాట్ రోడ్డులో వెళ్లే బస్సులో ఫోన్ చూస్తే కడుపులో తిప్పుతుంది కదా? వీఆర్‌లో ఇదే తిరగబడుతుంది. గేమ్‌లో పరిగెడుతున్నామని కళ్లు చెబుతాయి. కదలకుండా ఉన్నామని లోపలి చెవి చెబుతుంది. ఈ తేడాతోనే చాలామందికి వికారం, తల తిరగడం. పైగా క్వెస్ట్ 3 బరువు అర కిలో పైనే. రోజంతా పనిచేసి సోఫాలో వాలిపోయేవాళ్లకు ఫోనే సుఖం.

గెలిచిన గేమ్ ఏం చెబుతోంది?
‘బీట్ సేబర్’ హిట్ కావడానికి కారణం ఉంది. ఆటగాడు ఉన్నచోటే నిలబడి, పాటకు తగ్గట్టు చేతులతో దిమ్మలు నరుకుతాడు. కళ్లు చూసేదీ, ఒళ్లు చేసేదీ ఒక్కటే. పాట అయిపోతే ఆట ముగుస్తుంది. టీవీలో ఆడే గేమ్‌నే హెడ్‌సెట్‌లోకి మార్చడం కాదు, ఇలా వీఆర్ కోసమే గేమ్ తయారు చేయాలి. 2020లో ‘హాఫ్ లైఫ్: అలిక్స్’ ఆ పనే చేసి మెప్పించింది. కానీ ఆడేవాళ్లు తక్కువని కంపెనీలు పెద్ద గేమ్‌లు తీయవు. పెద్ద గేమ్‌లు లేవని జనం కొనరు. ఈ ముడి వీడనంత వరకు ఫోన్, కన్సోల్ స్థానాన్ని వీఆర్ ఆక్రమించడం కష్టమే. పక్కన మరో ఆటగా నిలబడే అవకాశమే ఎక్కువ.

కొనే ముందు ఇవి చూడండి
* గేమింగ్ జోన్‌లో ఓ 15 నిమిషాలు ఆడి చూడండి. తల తిరిగితే వెంటనే ఆపేయండి.
* ప్లేస్టేషన్ వీఆర్2 కొంటే అది ఒక్కటే సరిపోదు, పీఎస్5 గానీ, అడాప్టర్‌తో పాటు పీసీ గానీ కావాలి.
* 12 ఏళ్లలోపు పిల్లలు తమ వీఆర్ హెడ్‌సెట్ వాడకూడదని సోనీ చెబుతోంది.