హాజరు పట్టీలో ఊరు

కావలి అంటే కాపలా. ఉదయగిరి రాజుల సైన్యం ఇక్కడ కాపలా కాసేదని, అందుకే ఆ పేరొచ్చిందని ఊళ్ళో చెప్పుకుంటారు. పట్టణాభివృద్ధి అనగానే మనం రోడ్లు, మురుగు కాలవలు, కుళాయిల దగ్గరే ఆగిపోతాం. ఊరు ఎవర్ని రానిచ్చింది, ఎవర్ని కాపలాలో పెట్టింది అన్న ప్రశ్న నివేదికల్లోకి ఎక్కదు. కావలిలో ఆ ప్రశ్న ఎరుకల స్త్రీల గురించి.

ఎరుకలసాని నాకు మొదట సాహిత్యంలోనే పరిచయం. యక్షగానాల్లో ఆమె చంకన బుట్టతో నేరుగా కోటలోకి నడిచొస్తుంది. వేంకటేశ్వరుడి పెళ్ళికథలో శ్రీనివాసుడంతటి వాడు ఆకాశరాజు అంతఃపురంలోకి వెళ్ళడానికి ఆమె వేషమే కడతాడు. ఏ గడపా అడ్డు చెప్పని స్త్రీ ఆమె. రాణీగారి చెయ్యయినా దాసీ చెయ్యయినా ఒకేలా పట్టుకుని చూస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఆమె అక్కడే, ఆ అంతఃపురంలోనే నిలిచిపోయింది.

బయట ఆమె బతుకు వేరు. ఎరుకలవాళ్ళలో చాలామంది సంచార వ్యాపారులు. తీరంలోని కొటార్ల నుంచి ఉప్పుని గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని మెట్ట ఊళ్ళకి తీసుకెళ్ళేవాళ్ళు, తిరుగు దారిలో ధాన్యం తెచ్చుకునేవాళ్ళు. ఆడవాళ్ళు బుట్టలూ తట్టలూ అల్లి అమ్మేవాళ్ళు, సోది చెప్పేవాళ్ళు. ఉప్పు ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందికి పోయింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో వెదురుకీ మేతకీ ఆంక్షలొచ్చాయి. 1899లో బెజవాడ - మద్రాసు రైలుమార్గం వచ్చింది. మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన పుస్తకంలో ఈ సంబంధాన్ని వివరంగా చూపించారు. ఊరికి రైలొచ్చిందని సంబరంగా చెప్పుకునే చరిత్రలో ఆ రైలు ఎవరి గాడిదల వీపులు ఖాళీ చేసిందో ఉండదు.

బతుకుతెరువు పోయినవాళ్ళకి ప్రభుత్వం పెట్టిన పేరు నేరస్థ జాతి. 1871 నాటి చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. ఆ దశకంలోనే కావలిలో అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ ఎరుకల సెటిల్మెంటు నడపడం మొదలుపెట్టింది. శామ్యూల్ బాడెన్ అనే మిషనరీ దాని మేనేజరు. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేసిందీ ఇలాంటి పనే.

నా దృష్టిలో ఈ ప్రాంతం చూసిన తొలి పట్టణ ప్రణాళికల్లో ఇదొకటి. ఎక్కడుండాలో, ఏం పని చెయ్యాలో, పిల్లలు ఏ బడికి పోవాలో అన్నీ పైనుంచే నిర్ణయమయ్యాయి. హాజరు పలకాలి. పాసు లేకుండా హద్దు దాటకూడదు. దాటితే వారంటు అక్కర్లేదు, పోలీసే కాదు, గ్రామ పెద్ద గానీ గ్రామ కావలివాడు గానీ పట్టుకోవచ్చని చట్టంలోనే రాశారు. ఆరేళ్ళు దాటి పద్దెనిమిది నిండని పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం కూడా ప్రభుత్వానికిచ్చారు. బిడ్డని వీపున కట్టుకుని ఊళ్ళు తిరిగిన స్త్రీకి ఇది ఏమిటో ఊహించండి. ఆ తల్లులు ఏమన్నారో ఏ మిషన్ నివేదికా వాళ్ళ మాటల్లో చెప్పదు. వాళ్ళ పెళ్ళిళ్ళ గురించి మాత్రం బోలెడు రాశారు. థర్‌స్టన్ 1909 సంపుటాల్లో కొరవలు పెళ్ళాలని తాకట్టు పెడతారని రాసి, ఓలి ఇచ్చి చేసుకునే జాతుల ఆచారాలని వింతల జాబితాలో చేర్చాడు. కట్నం పుచ్చుకునే జాతుల్ని అలా వింతగా చూసినవాళ్ళు తక్కువ!

మద్రాసు ప్రభుత్వం ఈ చట్టాన్ని 1947లో రద్దు చేసింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. కానీ 1948లో మద్రాసులో, 1962లో ఆంధ్రప్రదేశ్‌లో అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలొచ్చాయి. సినిమాలు 1991లోనూ 2023లోనూ స్టువర్టుపురం దొంగల్నే చూపించాయి. వాళ్ళంతా మగవాళ్ళే. హాజరు పలికిన ఆడవాళ్ళు తెరమీదికి రానేలేదు.

ఇక పట్టణ పాలన సంగతి. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి మునిసిపాలిటీల్లో స్త్రీలకి మూడోవంతు సీట్లిచ్చింది. ఆ సవరణే వార్డు కమిటీలు తప్పనిసరిగా ఉండాల్సింది మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్ళలోనే అంది. 2011 లెక్కల్లో కావలి జనాభా 90,099. అంటే చిన్న పట్టణంలో ఓటుకీ ఓటుకీ మధ్య ఐదేళ్ళు స్త్రీలు కూర్చుని మాట్లాడే చోటుకి ఈ రాజ్యాంగ హామీ లేదు. కౌన్సిల్లో కుర్చీ వచ్చింది, వీధిలో అరుగు రాలేదు.

వీధి గురించి మాట్లాడింది 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి, షెడ్యూల్డు తెగలకీ తగిన చోటుండాలి అంది. ఒకచోట కూర్చుని అమ్మేవాళ్ళతో పాటు తిరుగుతూ అమ్మేవాళ్ళనీ గుర్తించింది. అంటే బుట్టల తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరగడం నేరం కాదు, హక్కు. అయితే అందుకు సర్వేలో ఆమె పేరెక్కాలి, చేతికి ధ్రువపత్రం రావాలి. వందేళ్ళ కింద ఆమెని కదలనివ్వకుండా చేసింది ఒక పట్టీ. ఇప్పుడు కదలడానికి కావలసిందీ పట్టీలో పేరే. ఆ పట్టీ రాసే కమిటీలో ఆమె కూర్చుందా అన్నది ప్రతి మునిసిపాలిటీనీ అడగాల్సిన ప్రశ్న.