ధాత కరువు, పిడికెడు బియ్యము



తెలుగున క్రైస్తవ వేదగ్రంథమును చదువువారికి నిరీక్షణ యను మాట చిరపరిచితము. విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ యని పౌలు భక్తుడు కొరింథీయులకు వ్రాసిన లేఖలో జెప్పిన మూడింటిలో నిది నడిమిది. ఆశ యని యనువదించినను తప్పు లేదు. అయినను మన భాషాంతరీకర్తలు నిరీక్షణ యనిరి. ఈక్ష ధాతువునకు చూచుట యర్థము. చూపు మరల్చక కనిపెట్టుకొని యుండుటయే నిరీక్షణము. ఆశ మనసులో దాగియుండవచ్చును. నిరీక్షణకు మాత్రము ఒక దిక్కు కావలెను. వాన కురియని యేట రైతు మబ్బు దెస చూచునే, ఆ చూపు వంటి దిది. ఈ మాటకు ఒంగోలు సీమ చరిత్రమున నొక గొప్ప వ్యాఖ్యానము గలదు. దానిని మనవి చేయుటకు ముందు నా తప్పొకటి నేను చెప్పుకొనవలసి యున్నది.

ఇప్పటికి నలువది యేండ్ల క్రిందటి మాట. అమరమును, శబ్దమంజరిని వల్లించిన గర్వముతో నేను తెలుగు పండితుడనై ఆ సీమలో నొక పాఠశాలకు వచ్చితిని. ఒకనాడు పాఠము మధ్య కరువుల ప్రసక్తి రాగా, ఈ ప్రాంతపు పేదలు గంజి కొరకు మతము మారిరని తేలికగా ననివేసితిని. అది నేను చదివి తెలిసికొన్న మాట కాదు; పదిమంది నోట విని పదునొకండవ నోట పలికిన మాట. వెనుక వరుసలోని బాలుడొకడు తల వంచుకొనెను. మరునాటి నుండి వాడు బడికి రాలేదు.

నాలుగు దినములు చూచి వాని యిల్లు వెదకికొని పోతిని. ఆ యేడు వానలు లేవు. పల్లెలో పనులు లేవు. వాని నాయనమ్మ పొయ్యి రాజేసి, చేటలో బియ్యము కొలిచి పోసికొని, అందుండి ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసెను. చేటలోనిది ఇంటిల్లిపాదికి చాలదని చూచినవారికెల్ల తెలియును. అదేమని యడిగితిని.

“అది మాది కాదు పంతులుగారూ, దేవుడిది. ఆదివారం గుడికి పట్టుకుపోతాం” అనెను.

“ఇంత కరువులోనా?” అంటిని.

“కరువని మానితే మా పెద్దోళ్లు ఎప్పుడో మానేవాళ్లు గదయ్యా” అని యామె యెసటిలో బియ్యము పోసెను.

ఆమెకు నా పాఠము సంగతి తెలియునో తెలియదో నేనడుగలేదు. బియ్యము కొరకు వచ్చిరని నేనన్న వారి యింట, బియ్యము లేనినాడు బియ్యము తీసి పెట్టుట కన్నులార చూచితిని. ఆ పెద్దవారెవరో, ఆ కరువేదో తెలిసికొనక తప్పలేదు.

అది ధాత కరువు. ప్రభవాది సంవత్సరములలో పదవది ధాత. 1876వ సంవత్సరపు టుగాదితో నారంభమైనది. ధాత యనగా సృష్టించువాడు, భరించువాడు. ఆ పేరుగల యేటనే చెన్నరాజధానిలో వానలు తప్పెను. మరుసటి ఈశ్వరలో కరువు ముదిరెను. ఒంగోలు అప్పుడు నెల్లూరు మండలములోనిది. గుంటూరు మండలమున చేరుట 1904లో, ప్రత్యేక మండలమునకు ముఖ్యపట్టణమగుట 1970లో జరిగినవి. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన ఈ కాటకమున బ్రిటిషు పాలిత ప్రాంతములలోనే యేబది లక్షలకు మించి జనులు నశించిరని అంచనా.

వాన లేమి యొక్కటియే యిందుకు కారణము కాదు. ధర మిన్నంటుచుండగనే ధాన్యము ఓడలకెక్కి పరదేశములకు పోయెను. 1877 జనవరి 1వ తేదీని ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటు దర్బారు జరిగెను. ఆ నెలలోనే చెన్నరాజధానికి వచ్చిన సర్ రిచర్డు టెంపుల్ కరువు పనులలోని మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని కూలి తగ్గించెను. దినమెల్ల మట్టి మోయువానికి అది చాలదని రాజధాని ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. కొలది మాసములకు గాని ఆ కూలి పెరుగలేదు.

కరువు అందరిని ఒక్క తీరున తాకదు. మాదిగలు తోలు పదను చేసి, చెప్పులు కుట్టి, కపిలబానలు కట్టి, పంట కళ్లమున రైతు కొలిచిన గింజలతో బ్రతికెడివారు. చేను పండనిదే కళ్లము లేదు. కళ్లము లేనిదే వారికి గింజ లేదు. రైతు గాదెలో నొక యేటి నిలువ యుండవచ్చును. వీరికి నిలువ యన్నది రేపటి కూటికి మించినది కాదు.

ఒంగోలున అమెరికా బాప్టిస్టు సంఘమువారి ప్రచారకుడుగా జాన్ క్లౌ దొర 1866 నుండి యుండెను. ఆ సంఘము తెలుగుదేశమున 1836 నుండి పని చేయుచున్నను ఫలము స్వల్పము. దీనిని మూసివేయుదమా యని అమెరికాలో పెద్దలు పలుమారు తర్కించిరి. 1854 జనవరి 1వ తేదీని తెల్లవారుజామున జ్యూయెట్ దొరయు, ఆయన భార్యయు, ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండ యెక్కి, ఈ యూరికి బోధకుని పంపుమని ప్రార్థించిరి. ఆ బోధకుడు వచ్చుటకు పండ్రెండేండ్లు పట్టెను. నిరీక్షణ యను మాట కిది మొదటి పంక్తి. 1867 జనవరి 1వ తేదీని ఒంగోలు సంఘమేర్పడినప్పుడు సభ్యులెనిమిది మంది.

ఆ దినములలోనే యర్రగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద ఈ మార్గమున చేరెను. ఆయన అంతకు ముందే యోగమార్గము నభ్యసించిన జిజ్ఞాసువు. ఆయన వలన సువార్త బంధువర్గముల వెంట పల్లె పల్లెకు ప్రాకెను. చేరువారికి దొర చెప్పిన విధులు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. గ్రామము వీరికి విధించిన చాకిరికి ఈ మూడును అడ్డు వచ్చునవే. కావున ఈ మార్గమున చేరుట సుఖమున కొరకు చేసిన బేరమని యనుటకు వీలులేదు. చేరినవాడు ఊరిపెద్దల కోపమునకు సిద్ధపడవలసి యుండెను.

కరువు వచ్చెను. సముద్రతీరము వెంట దక్షిణోత్తరములుగా సాగు కాలువను కరువు పనిగా త్రవ్వించుచుండిరి. నాటి గవర్నరు పేరిట దానికి బకింగుహాము కాలువ యని పేరు వచ్చెను. క్లౌ దొర యౌవనమున భూమి కొలతల పని నేర్చినవాడు. ఆయన అందు మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొనెను. తెలియని మేస్త్రీల చేతి క్రిందికి పోవుటకు జంకిన పేదలు ఇచ్చటికి వచ్చి చేరిరి. దొర యొద్దనున్న తెలుగు బోధకులే మేస్త్రీలైరి. మగవారు పార పట్టిరి. ఆడువారును పిల్లలును తట్ట లెత్తిరి. ప్రయాసపడి భారము మోయువారిని తన యొద్దకు పిలిచి విశ్రాంతి నిత్తునన్న క్రీస్తు మాటను బోధకులు పని నడుమ పలుమారు చెప్పెడివారు. మత్తయి సువార్తలోని యా మాటను నేనును చదివియుంటిని. నెత్తిమీద మట్టితట్ట నుంచుకొని విన్నవారికి దాని యర్థము నాకు తెలిసినట్లు కాక వేరుగా తెలిసి యుండును.

ఇక్కడ నా తప్పునకు జవాబైన సంగతి వచ్చుచున్నది. ఆ కాలమున బాప్తిస్మ మిమ్మని వేలకొలది జనులడిగిరి. క్లౌ దొర ఇయ్యలేదు. చేతిలో కూలిడబ్బును, కరువు నిధియు నున్నంత కాలము ఎవడు దేవుని కొరకు వచ్చెనో, ఎవడు గంజి కొరకు వచ్చెనో తేల్చుట యెట్లని సుమారు పదునైదు మాసములు బాప్తిస్మములను నిలిపివేసెను. నేను వేసిన నిందను నాకంటె నూరేండ్లకు ముందే ఆయన తనకు తానే వేసికొని, దానిని పరీక్షకు పెట్టెను.

ఈశ్వర గడచి బహుధాన్య వచ్చెను. కాలువ పని ముగిసెను. నిధులు తీరెను. ఇంక సహాయము లేదని కబురంపినను జనులు రాక మానలేదు. ఒంగోలునకు ఉత్తరముగా సుమారు పది మైళ్ల దూరమున గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి గలదు. అక్కడ వారు మూగిరి. తన చేత డబ్బు లేదని దొర మరల చెప్పెను. డబ్బు తాము కోరలేదనిరి. 1878 జూలై 2వ తేదీని 614 మందియు, 3వ తేదీని 2,222 మందియు, 4వ తేదీని 700 మందియు, మూడు దినములలో మొత్తము 3,536 మంది ఆ నదిలో బాప్తిస్మము పొందిరి. పంచాంగమున అది ఆషాఢ మాసారంభము. నడిమి దినమున ఉదయము ఆరు గంటలకు మొదలిడి, పదునొకండింటికి విరమించి, రెండింటికి మరల దిగి, సాయంకాలము ఏడింటికి ముగించిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనుచు నీట నిలిచిరి. క్లౌ దొర ఒక్కరికిని తన చేతితో బాప్తిస్మ మియ్యలేదు.

లెక్కలు చూచి ఆశ్చర్యపడువారు కలరు. నా కాశ్చర్యము కలిగించినది ఆ పదునైదు మాసములు. అడిగినది దొరకలేదు, అయినను వారు చూపు మరల్చలేదు. బంధువులతో కలిసి వచ్చిరి, పెద్దల మాట ననుసరించి వచ్చిరి, మనిషిగా నన్ను చూచువాడొకడున్నాడని వచ్చిరి. ఈ కారణము లన్నియు నిజమే. ఆకలి వారిని ఆ కాలువ యొద్దకు తెచ్చినదనుటయు నిజమే. అయితే ఆకలి తీర్చువాడు చేతులు ఖాళీ యని చూపిన పిమ్మట నది యొడ్డునకు తెచ్చినది ఆకలి కాదు.

ఆ బాలుడు మరల బడికి వచ్చెను. నేను తరగతిలో నిలిచి, మొన్న నేనన్న మాట తప్పని చెప్పి, ఈ తేదీలు నల్లబల్లపై వ్రాసితిని. వాడు వానిని పుస్తకమున వ్రాసికొనెను. పండితుడనై నేను చెప్పిన పాఠములలో సిగ్గుతో చెప్పినది అదొక్కటే, మరువనిదియు నదొక్కటే.

ఆ కాలువ నేడు పలుచోట్ల పూడిపోయి యున్నది. పిడికెడు బియ్యము తీసి పెట్టు నాచారము మాత్రము తెలుగు పల్లెలలో పలు క్రైస్తవ గృహములందు నేటికిని కలదు. గాదె నిండిన నాడు దానము చేయుట ఔదార్యము. చేట వెలితిగా నున్న నాడు రేపును ఇచ్చువాడున్నాడని పిడికెడు తీసి వేరుంచుటకు ఔదార్యమను పేరు చాలదు. వేదగ్రంథమును తెలిగించినవారు దానికి నిరీక్షణ యని పేరు పెట్టిరి. ఆ మాటకు వ్యుత్పత్తి నాకు నా గురువులు చెప్పిరి. అర్థము మాత్రము ఆ నాయనమ్మ చెప్పినది.