జీవదీప్తి, దైనందిన లయలపై పాఠశాల ప్రాజెక్టు: ప్రణాళికలో గమనించవలసిన అంశాలు

పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలలో జీవదీప్తికి సంబంధించిన ప్రాజెక్టులు చూపరులను వెంటనే ఆకట్టుకొంటాయి. చీకటి గదిలో సీసాను కదిపినంతనే నీలికాంతి తళుక్కుమనడం ఎవరికైనా విస్మయం కలిగించేదే. అయితే ఆ మెరుపు జీవిలోని అంతర్గత గడియారం ప్రకారం వస్తున్నదా, లేక కేవలం చీకటి పడినందువల్ల వస్తున్నదా అన్నది తేల్చగలిగినప్పుడే అది దైనందిన లయలపై ప్రాజెక్టు అనిపించుకొంటుంది. న్యాయనిర్ణేతలుగా వ్యవహరించే అధికారులు, వార్తలను నివేదించే పాత్రికేయులు మొదట పరిశీలించవలసిన అంశం ఇదే.

జీవులు రసాయనిక చర్య ద్వారా వెలువరించే కాంతిని జీవదీప్తి అంటారు. లూసిఫెరిన్ అనే పదార్థం లూసిఫెరేజ్ అనే ఎంజైము సహాయంతో ఆక్సిజన్‌తో చర్య జరిపినప్పుడు కాంతి జనిస్తుంది. మిణుగురులలోను, సముద్రంలోని డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులలోను సూత్రం ఇదే అయినప్పటికీ పదార్థాల నిర్మాణం వేరు. దీనికి భాస్వరంతో ఎట్టి సంబంధమూ లేదు. కావున సముద్రంలో భాస్వరం వెలుగుతున్నదని వార్తలలో వ్రాయడం సరికాదు.

అంతర్గత గడియారం ఉన్నదన్న సూచన 1729లోనే లభించింది. అత్తిపత్తి జాతి మొక్కను నిరంతరం చీకటిలో ఉంచినా దాని ఆకులు పగటివేళకు విచ్చుకొంటున్నాయని ఫ్రాన్సుకు చెందిన డి మెరాన్ గుర్తించారు. 1950వ దశకంలో అమెరికా శాస్త్రవేత్తలు వుడ్లండ్ హేస్టింగ్స్, బియాట్రిస్ స్వీనీ గోనియాలాక్స్ అనే డైనోఫ్లాజెల్లేట్‌పై పరిశోధనలు జరిపి, రాత్రివేళ అధికమయ్యే దాని మెరుపు, మార్పులేని మసక వెలుతురులో ఉంచినప్పటికీ, దాదాపు 24 గంటల లయతో కొనసాగుతుందని నిరూపించారు. ఈగలలో ఈ లయను నడిపించే జన్యు యంత్రాంగాన్ని వెల్లడించినందుకు హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది.

పాఠశాల ప్రయోగానికి పైరోసిస్టిస్ అనే డైనోఫ్లాజెల్లేట్ అనువైనది. దీని కణాలు పెద్దవి, హాని చేయనివి. ప్రధానమైన చిక్కు ఏమనగా, ఇవి రాత్రివేళ మెరుస్తాయి, పాఠశాల పగటివేళ నడుస్తుంది. దీపాలకు టైమర్ అమర్చి, రాత్రిని పగటిలోకి మార్చుకొనడమే దీనికి పరిష్కారం. ఒక వర్గం గొట్టాలకు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు, రెండవ వర్గానికి సాయంత్రం 6 నుంచి ఉదయం 6 వరకు వెలుతురు లభించేట్లు సుమారు రెండు వారాలు ఉంచాలి. పరీక్ష జరిపే రోజు ఉదయం 6 గంటల నుంచి రెండింటినీ చీకటిలోనే ఉంచాలి. మధ్యాహ్నం 12 గంటలకు మొదటి వర్గం 18 గంటలుగా, రెండవది 6 గంటలుగా చీకటిలో ఉంటాయి. మెరుపునకు చీకటి మాత్రమే కారణమైతే మొదటి వర్గం వెనుకబడకూడదు. గడియారమే కారణమైతే రెండవ వర్గం స్పష్టంగా అధికంగా మెరవాలి.

రెండవ వర్గానికి ఇటీవలి వరకు వెలుతురు అందినందున దానికి శక్తి నిల్వలు అధికంగా ఉన్నాయని ఎవరైనా ఆక్షేపించవచ్చును. ఆ ఆక్షేపణ సమంజసమే. అందుచేత అదే రోజు రాత్రి 9 గంటలకు, ఉపాధ్యాయుని సమక్షంలో, అంతవరకు కదపని వేరే గొట్టాలతో పరిశీలనను మరల జరపాలి. అప్పుడు ఫలితం తారుమారై మొదటి వర్గం ముందుకు వస్తే ఆక్షేపణ నిలువదు. వసతి గృహాలున్న గురుకుల పాఠశాలలకు ఈ రెండవ పరిశీలన సులభం.

కదిపిన గొట్టం కొంతసేపు మరల అంతగా మెరవదు. కనుక ఒక్కొక్క గొట్టాన్ని ఒక్కసారి మాత్రమే కదపాలి. ఒక్కొక్క పరిశీలనకు వర్గానికి కనీసం మూడు గొట్టాల చొప్పున మొత్తం 12 అవసరమవుతాయి. పరిశీలకులు 15 నుంచి 20 నిమిషాలు చీకటిలో కూర్చుండి కళ్లను అలవాటు చేసుకోవాలి. వెలుతురు తప్పనిసరియైతే ఎర్ర కాగితం చుట్టిన టార్చిలైటును వాడవచ్చును. ఏ గొట్టం ఏ వర్గానిదో తెలియని విద్యార్థి చేత మెరుపునకు 0 నుంచి 3 వరకు మార్కులు వేయించడం ఉత్తమం. పెద్ద పరికరాలకంటే ఈ జాగ్రత్తయే ఫలితానికి విలువ తెస్తుంది.

ఈ జీవులకు 20 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, నేరుగా ఎండ పడని వెలుతురు కావాలి. మన ప్రాంతపు వేసవి తరగతి గదులలో ఇవి నిలువవు. నవంబరు నుంచి జనవరి వరకు అనుకూలమైన కాలం. విదేశాల నుంచి సజీవ నమూనాలను తెప్పించడానికి అనుమతులు అవసరమగును గనుక, సముద్ర జీవశాస్త్ర పరిశోధన చేసే విశ్వవిద్యాలయ విభాగాలను ముందుగా సంప్రదించడం మేలు. ప్రయోగానంతరం మిగిలిన ద్రవాన్ని మరిగించిన పిదపనే పారబోయాలి; చెరువులలో, సముద్రంలో కలపరాదు. మిణుగురులను సీసాలలో బంధించి తెచ్చే ప్రాజెక్టులను ప్రోత్సహించరాదు.

నమూనాలు లభించని పాఠశాలలు అత్తిపత్తి లేదా చింత మొక్కతో లయను పరిశీలించవచ్చును. కుండీని రెండు రోజులు చీకటి గదిలో ఉంచి, ఆకులు ముడుచుకొనే, విచ్చుకొనే వేళలను నమోదు చేస్తే చాలును. ఇందులో కాంతి కనిపించదు, ఖర్చు కూడా ఉండదు. ప్రదర్శనలో ఏ ప్రాజెక్టునైనా పరిశీలించేటప్పుడు నమూనాతోపాటు తేదీ, వేళ, ఉష్ణోగ్రతలతో విద్యార్థులే వ్రాసిన పరిశీలన పుస్తకాన్ని అడిగి చూడవలెను.